మినీడీవీ, హై8 టేపులు డీవీడీలు చేయాలి: ఏ ఫార్మాట్‌లో దించుకోవాలి?

కపిలతీర్థం_రోడ్

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఇంట్లో పాత హ్యాండీక్యామ్‌తో తీసిన మినీడీవీ క్యాసెట్లు పద్నాలుగు, అంతకుముందు కెమెరావి హై8 క్యాసెట్లు ఆరు ఉన్నాయి. పెళ్లిళ్లు, ఒక ఉపనయనం, గంగమ్మ జాతర రాత్రిపూట తీసినవి, ఒక టేపు నిండా నాదస్వరం కచేరీ. ఇవి కాక 2010 తర్వాత కొన్న కార్డు కెమెరాలో ఎంటీఎస్ ఫైళ్లున్నాయి. డాలస్‌లో ఉండే పిన్నమ్మ వాళ్లు అక్కడి కెమెరాతో తీసి పంపిన మినీడీవీ టేపు కూడా ఒకటుంది.

చంద్రగిరి దగ్గర పల్లెలో ఉండే పెద్దవాళ్ల కోసం డీవీడీలు చేయాలి. వాళ్లింట్లో డీవీడీ ప్లేయరు, పాత డబ్బా టీవీ ఉన్నాయి. పెన్‌డ్రైవు పెట్టి వెతుక్కోవడం వాళ్లకు కుదరదు.

నా సందేహాలు ఇవి. క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో డీవీ ఏవీఐ, ఎంపెగ్-2, డబ్ల్యూఎంవీ, ఎంపీ4 అని జాబితా వస్తోంది, ఏది ఎంచుకోవాలి? ఎలాగూ డీవీడీ ఎంపెగ్-2 కాబట్టి నేరుగా అందులోనే దించుకుంటే పని తగ్గదా? టౌన్‌లో ఒక షాపులో అడిగితే అన్నీ ఎంపీ4లోకి దించి, అందులోంచి డీవీడీలు కొట్టిస్తామన్నారు, రెండు గంటలు ఒక్క డిస్కులో పట్టిస్తామన్నారు. అట్లా చేయిస్తే పోయేదేమైనా ఉందా? నా లాప్‌టాప్‌కు ఫైర్‌వైర్ (డీవీ కెమెరా తగిలించే పోర్టు) లేదు. మేనమామ వాళ్లింట్లో పాత డెస్క్‌టాప్ ఉంది.

పాకాల_జంక్షన్

షాపుకు ఇవ్వకండన్నా. వాళ్లు చెప్పిన దారిలో బొమ్మను రెండుసార్లు పిండుతారు. టేపు నుంచి ఎంపీ4కు వెళ్లేటప్పుడు ఒకసారి, ఎంపీ4 నుంచి ఎంపెగ్-2కు వచ్చేటప్పుడు మరోసారి. మొదటిసారి పోయిన వివరం రెండోసారి తిరిగి రాదు, పైగా మొదటి కంప్రెషన్ వదిలిన మరకల్ని రెండో ఎన్‌కోడర్ (కంప్రెస్ చేసే సాఫ్ట్‌వేర్) నిజమైన బొమ్మ అనుకుని వాటి మీద కూడా బిట్లు ఖర్చు పెడుతుంది. టేపులో ఉన్నది ఉన్నట్టు దించుకోవాలి, ఎడిటింగ్ అంతా దాని మీదే చేయాలి, చిట్టచివర ఒక్కసారి మాత్రమే ఎంపెగ్-2 చేయాలి.

మినీడీవీ టేపు మీద ఉన్నది ఇప్పటికే డిజిటల్. ఫైర్‌వైర్‌లో దించడమంటే బొమ్మను మళ్లీ తయారు చేయడం కాదు, ఫైలు కాపీ చేయడం లాంటిదే. వీడియో 25 ఎంబీపీఎస్ (సెకనుకు 25 మెగాబిట్లు), మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతిలో ఒక్కో ఫ్రేము 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు. గంట టేపుకు 13 నుంచి 14 జీబీ అవుతుంది. పద్నాలుగు టేపులకు 200 జీబీ అనుకోండి, ఈ రోజుల్లో అది పెద్ద లెక్క కాదు. కాబట్టి జాబితాలో డీవీ ఏవీఐ ఎంచుకోండి. ఎంపెగ్-2లోకి నేరుగా దించితే కంప్యూటర్ అప్పటికప్పుడు హడావుడిగా కంప్రెస్ చేస్తుంది, నాణ్యత తగ్గుతుంది. తర్వాత ఒక ముక్క కత్తిరించాలన్నా మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సి వస్తుంది.

కనెక్షన్ దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. కెమెరాకు ఉన్న యూఎస్‌బీ పోర్టు చాలా మోడళ్లలో ఫోటోలకూ, వెబ్‌క్యామ్ లాంటి చిన్న బొమ్మకూ మాత్రమే. దాని గుండా టేపు దించితే 320 బై 240 లాంటి బొమ్మ వస్తుంది, అదే క్వాలిటీ అనుకుని మోసపోతారు. కెమెరా మీద డీవీ లేదా ఐలింక్ అని రాసి ఉన్న చిన్న 4 పిన్నుల సాకెట్ వాడాలి. ఒక చివర ఫైర్‌వైర్, రెండో చివర యూఎస్‌బీ ఉండే చవక కేబుళ్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, వాటిని కొనొద్దు. లోపల తీగలు కలిపి ఉంటాయి తప్ప సిగ్నల్‌ను మార్చే చిప్ ఉండదు, పని చేయవు.

మీ మేనమామ గారి డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటే ఫైర్‌వైర్ కార్డు ఒకటి వేయించండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది దొరికితే మంచిది. కేబుల్ 4 పిన్ నుంచి 6 పిన్. కెమెరా ఆపేసి ఉన్నప్పుడే తగిలించండి, 6 పిన్ వైపు కరెంటు ఉంటుంది. తలకిందులుగా నెట్టితే కెమెరా పోర్టు కాలిపోతుంది. విండోస్ 8 నుంచి పాత 1394 లెగసీ డ్రైవర్ వెంట రాదు. కెమెరా దొరకడం లేదంటే ముందు ఆ డ్రైవర్ వేసి చూడండి.

దించడానికి విన్‌డీవీ చాలు, ఉచితం, చిన్నది. అందులో టైప్-2 ఏవీఐ పెట్టండి. డిస్‌కంటిన్యుటీ అనే గడిలో 1 పెడితే కెమెరా ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిచోటా కొత్త ఫైలు పుడుతుంది, షూటింగ్ తేదీ, టైము ఫైలు పేరులోకి వస్తాయి. 0 పెడితే టేపంతా ఒకే ఫైలు. నా మాట వింటే 1 పెట్టండి. కారణం ఉంది: ఒకే టేపులో కొంత 12 బిట్ ఆడియోలో, కొంత 16 బిట్‌లో తీసి ఉంటే, మధ్యలో మారినచోట ఒకే ఫైలుగా దించినప్పుడు ఆ తర్వాతి మాటలకూ పెదాలకూ పొంతన ఉండదు.

ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటి ఒక ఫైలు పట్టదు. డీవీలో అది 20 నిమిషాల లోపే వచ్చేస్తుంది, అక్కడ క్యాప్చర్ ఆగిపోతుంది. ముందే ఎన్‌టీఎఫ్ఎస్‌కు మార్చుకోండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే ఎండాకాలం మధ్యాహ్నాలు ఈ పని పెట్టుకోవద్దు. కరెంటు పోతే ఆ ఫైలు సరిగా ముగియక తెరుచుకోదు.

నీవా_గట్టు

పాకాల అన్న చెప్పిందంతా సరే. టేపుల గురించి రెండు మాటలు కలుపుతాను. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న టేపును పెట్టగానే ప్లే నొక్కొద్దు. మొదట కిటికీలోంచి చుట్టను చూడండి. తెల్లగా బూజులాంటిది కనిపిస్తే ఆ టేపు కెమెరాలో పెట్టకండి, ఒక్క టేపు హెడ్లను (కెమెరాలో టేపును చదివే భాగాలను) పాడు చేసి మిగతా అన్నింటికీ అంటిస్తుంది. బాగుంటే ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ రివైండ్ చేసి, అప్పుడు దించండి. బొమ్మలో గళ్లు గళ్లుగా చిన్న చతురస్రాలు వస్తుంటే హెడ్డు మురికి పట్టినట్టు. పొడి క్లీనింగ్ క్యాసెట్ 10 సెకన్లు చాలు, పదే పదే తిప్పితే హెడ్డే అరుగుతుంది.

ఎల్‌పీ మోడ్‌లో తీసిన టేపులుంటే (60 నిమిషాల క్యాసెట్‌లో 90 నిమిషాలు పట్టించినవి) వీలైనంత వరకు తీసిన కెమెరాలోనే ప్లే చేయండి. వేరే కెమెరాలో గళ్లు వస్తాయి, మాట తెగుతుంది.

హై8 దారి వేరు. అది అనలాగ్. సులువైన మార్గం, హై8 కూడా చదివే డిజిటల్8 కెమెరా ఎవరి దగ్గరైనా దొరికితే అరువు తెచ్చుకోవడం. అది టేపును చదువుతూనే డీవీగా మార్చి ఫైర్‌వైర్ గుండా పంపుతుంది, మినీడీవీ లాగే ఏవీఐ వస్తుంది. డిజిటల్8 కెమెరాలన్నీ పాత టేపుల్ని చదవవు, తెచ్చుకునే ముందు అడగండి. అది దొరకకపోతే మంచి యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు, ఎస్-వీడియో కేబుల్. పసుపు రంగు ఏవీ పిన్ను వద్దు. హై8లో వెలుగూ రంగూ విడివిడిగా ఉంటాయి. పసుపు పిన్నులో రెండూ కలిసిపోయి, పట్టుచీర జరీ అంచుల మీద రంగుల చీమలు పాకినట్టు కనిపిస్తుంది. ఆ కార్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్ ఎంపెగ్-2 పెట్టమంటుంది, వినొద్దు. వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో హఫ్‌వైయూవీ అనే నష్టంలేని కోడెక్ (కంప్రెస్ చేసే పద్ధతి) పెట్టండి. గంటకు 30 జీబీ పైన అవుతుంది.

బొమ్మ అడుగున ఆరేడు గీతలు చెదిరినట్టు వణుకుతుంటాయి. అది హెడ్లు మారేచోటు, చెడిపోయింది కాదు. టీవీలో అంచు కింద దాక్కుంటుంది. దాన్ని కత్తిరించి బొమ్మను సాగదీయకండి, అంతగా కావాలంటే నల్లపట్టీ కప్పండి. సాగదీస్తే గీతల వరుస చెడుతుంది, దాని సంగతి కింద ఎవరైనా చెబుతారు.

కపిలతీర్థం_రోడ్

చాలా థ్యాంక్స్ అన్నా. కార్డు వేయించి ఒక టేపు దించాను, తేదీలతో ఫైళ్లు వచ్చాయి. కానీ కంప్యూటర్లో చూస్తే చెయ్యి ఊపినచోట, మనిషి నడిచినచోట అంచులు దువ్వెన పళ్లలా విడిపోతున్నాయి. ఇది క్యాప్చర్ తప్పా? డీఇంటర్‌లేస్ అని ఒక టిక్కు ఉంది, అది పెట్టి ఎన్‌కోడ్ చేయనా?

డోలు_సన్నాయి

వద్దు. టిక్కు పెట్టకండి.

టేపు మీద ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా ఉంటుంది. సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు యాభయ్యో వంతు సెకను తర్వాతివి. కంప్యూటర్ రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది కాబట్టి కదిలే అంచులు పళ్లు పళ్లుగా కనిపిస్తాయి. మీ పెద్దవాళ్ల డబ్బా టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి గీస్తుంది, అందుకే కదలిక నూనె పోసినట్టు సాఫీగా ఉంటుంది. డీవీడీకి డీఇంటర్‌లేస్ చేస్తే సెకనుకు 50 కదలికలు 25 అవుతాయి, డోలు కొట్టే చెయ్యి తెగి తెగి కనిపిస్తుంది. ఇంటర్‌లేస్డ్‌గానే ఎన్‌కోడ్ చేయండి.

చూసుకోవాల్సింది ఫీల్డ్ వరుస, అంటే ఆ రెండు సగాల్లో ఏది ముందు అనేది. డీవీ టేపులో కింది ఫీల్డ్ ముందు. యూఎస్‌బీ కార్డుల్లో దించిన హై8 సాధారణంగా పై ఫీల్డ్ ముందు ఉంటుంది. ఎన్‌కోడర్లో ఇది తప్పుగా పెడితే కంప్యూటర్లో మామూలుగా చూస్తే ఏ తేడా తెలియదు, టీవీలో పెట్టాక మనిషి రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేసినట్టు అదురుతాడు. పరీక్ష ఇట్లా చేయండి. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి యాడిఫ్ 2ఎక్స్ పెట్టి, కెమెరా పక్కకు తిప్పిన చోట ఆపి, కీబోర్డులో ఇ నొక్కుతూ ఒక్కో ఫ్రేము జరపండి. బొమ్మ ఒకే దిక్కుకు పోతుంటే వరుస సరిగ్గా ఉంది. ముందుకు, వెనక్కు, ముందుకు అంటే తలకిందులైంది. ఇరవై డిస్కులు రైట్ చేశాక కాదు, రెండు నిమిషాల ముక్కను రీరైటబుల్ డిస్కు మీద రాసి ఆ పల్లెలోని ప్లేయర్లోనే ఒకసారి వేసి చూసుకోవడం అన్నిటికన్నా నమ్మకం.

ఎంటీఎస్ ఫైళ్లకు కూడా ఈ గీతల చిక్కే. అవి 1920 బై 1080 ఇంటర్‌లేస్డ్, హెచ్.264. డీవీడీకి 576 గీతలకు తగ్గించాలి. ఇంటర్‌లేస్డ్ బొమ్మను ఉన్నదున్నట్టు నిలువుగా కుదిస్తే రెండు క్షణాల గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసి ముద్దవుతాయి, కదిలేవన్నీ దయ్యంలా రెండుగా కనిపిస్తాయి. ముందు సెకనుకు 50 పూర్తి ఫ్రేములుగా విడదీయాలి, తర్వాత 720 బై 576కు కుదించాలి, ఆ తర్వాత మళ్లీ ఇంటర్‌లేస్ చేయాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బీడబ్ల్యూడిఫ్, స్కేల్, ఇంటర్‌లేస్ ఫిల్టర్లు ఈ వరుసలోనే రావాలి. వైడ్‌స్క్రీన్ కాబట్టి యాస్పెక్ట్ (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 16:9 అని తప్పక చెప్పండి, లేకపోతే ముఖాలు సన్నగా పొడుగవుతాయి. కార్డు నుంచి కాపీ చేసేటప్పుడు ఎంటీఎస్ ఫైళ్లు మాత్రం ఏరుకోవద్దు, ఫోల్డరు మొత్తం ఎత్తుకోండి. పొడుగు షాట్లను కెమెరా 2 జీబీ, 4 జీబీ దగ్గర ముక్కలు చేస్తుంది. వాటిని ఏది తర్వాత ఏదో చెప్పే వివరం మిగతా ఫైళ్లలో ఉంటుంది.

నాదస్వరం టేపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ డిస్కుకు ఆడియోను ఏసీ3 (పిండిన ధ్వని) చేయకండి, పీసీఎంగా (పిండకుండా ఉన్నదున్నట్టు) ఉంచండి. 1.5 ఎంబీపీఎస్ తింటుంది, కానీ కచేరీ గంట లోపు ఉంటే చోటు చాలు. వీడియో 7.5 పెట్టండి, రెండూ కలిపి 9 పైచిలుకు, డీవీడీ పరిమితి 10.08. తిరుపతి చుట్టుపక్కల విద్వాంసుల పాత వాయిద్యం ఇళ్లల్లో టేపుల మీదే మిగిలింది, ఆ ధ్వనిని ఏసీ3లో 192 కిలోబిట్లకు పిండేస్తే సన్నాయి పై స్థాయిలో గరగర వస్తుంది. 12 బిట్‌లో తీసి ఉంటే శాంపిల్ రేటు 32 కిలోహెర్ట్జ్ ఉంటుంది, డీవీడీకి 48 కావాలి. మార్చే పని మంచి ఎన్‌కోడర్ తనే చేస్తుంది, అయినా ఒకసారి చూసుకోండి.

పాకాల_జంక్షన్

బిట్‌రేటు (సెకనుకు ఎన్ని బిట్లు) లెక్క ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. షాపువాళ్ల రెండు గంటల మాటకు జవాబు ఇందులోనే ఉంది.

మామూలు డిస్కు 4.7 జీబీ అంటారు, విండోస్‌లో 4.38 అని చూపిస్తుంది, రెండూ ఒకటే. అంచుదాకా నింపకండి, బయటి అంచులోనే ముందు తప్పులొస్తాయి. ఆ 4.7లో 4.4 వరకే వాడాలనుకుంటే 35,200 మెగాబిట్లు. దాన్ని సెకన్లతో భాగిస్తే మొత్తం బిట్‌రేటు, అందులోంచి ఆడియో ఏసీ3 0.224 తీసేస్తే వీడియోకు మిగిలేది. 90 నిమిషాలంటే 5,400 సెకన్లు, వీడియోకు 6.2 ఎంబీపీఎస్. రెండు గంటలకు 4.6. గంటకైతే లెక్కలో 9 పైన వస్తుంది కానీ 8 దాటొద్దు. ప్రమాణం 9.8 దాకా ఒప్పుకుంటుంది గానీ, ఇంట్లో రాసిన డిస్కును పాత ప్లేయర్లు ఆ వేగంతో చదవలేక ఆగి ఆగి ఆడతాయి.

కెమెరా స్టాండు మీద పెట్టి పగటి వెలుతురులో తీసిన ఉపనయనానికి 4.6 పరవాలేదు. జాతరకు చాలదు. రాత్రి వెలుతురు తక్కువైనచోట కెమెరా గెయిన్ (సిగ్నల్ బలం) పెంచుతుంది, చీకటి నిండా ఇసక చల్లినట్టు నలుసులు వస్తాయి. జనం, సీరియల్ లైట్లు, వేషాలు, చేతిలో ఊగే కెమెరా. ప్రతి ఫ్రేమూ ముందుదానికి పూర్తిగా వేరు. ఎంపెగ్-2 బతికేదే ముందు ఫ్రేముతో పోలిక మీద, పోలిక లేనిచోట బిట్లు చాలక మొహాలు గళ్లైపోతాయి. జాతర టేపుకు గంటకో డిస్కు, 8 స్థిరంగా. మిగతావాటికి 75 నిమిషాలు దాటితే రెండు పాస్‌ల వేరియబుల్ పెట్టండి, గరిష్ఠం 8. మొదటి పాస్‌లో ఎక్కడ కష్టమో చూసుకుని, రెండో పాస్‌లో అక్కడ ఎక్కువ ఖర్చు పెడుతుంది.

రెండు గంటలు ఒకే డిస్కులో ఉండి తీరాలంటే డబుల్ లేయర్ డిస్కు ఉంది, కానీ పాత ప్లేయర్లకు అది పడదు. రెండు మామూలు డిస్కులే మేలు.

మెనూలకు డీవీడీస్టైలర్ వాడండి. మీ ఎంపెగ్-2 ఫైలు ఇప్పటికే నియమాల ప్రకారం ఉంటే వీడియో దగ్గర కాపీ అని పెట్టండి, లేకుంటే అది మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, ఇంత జాగ్రత్తా వృథా. పెద్దవాళ్ల కోసం కాబట్టి మెనూ అసలు పెట్టకపోయినా మంచిదే, డిస్కు వేయగానే ఆడాలి. చాప్టర్లు మాత్రం పెట్టండి, రిమోట్‌లో నెక్స్ట్ నొక్కితే తాళికట్టే ఘట్టానికి పోవాలి.

డిస్కు డీవీడీ మైనస్ ఆర్ తీసుకోండి, పాత ప్లేయర్లకు అదే ఎక్కువ పడుతుంది. డిస్కు రాసే ఇమ్‌గ్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌లో 8ఎక్స్ వేగం, వెరిఫై టిక్కు. పైన కాగితం స్టిక్కరు అంటించొద్దు, తిరిగేటప్పుడు బరువు ఒకవైపు లాగుతుంది. ఎండకు జిగురు కూడా కరుగుతుంది.

నీవా_గట్టు

డీవీ ఏవీఐలను డిస్కులు చేశాక చెరిపేయకండి. డీవీడీ చూసుకోవడానికి, దాచుకోవడానికి ఏవీఐ. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. రంగు పూతతో చేసిన డిస్కు మన ఎండల్లో ఎన్నేళ్లుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు, ఏవీఐ ఉంటే కొత్తది ఎప్పుడైనా రాసుకోవచ్చు.

పిల్లల ఫోన్లకు ఎంపీ4 కావాలంటే అది కూడా ఆ ఏవీఐ నుంచే చేయండి, డీవీడీ నుంచి కాదు. అక్కడ మాత్రం డీఇంటర్‌లేస్ చేయాలి, సెకనుకు 50 ఫ్రేములుగా.

కపిలతీర్థం_రోడ్

అర్థమైంది. డాలస్ టేపు ఒకటి మిగిలింది. కెమెరాలో పెడితే నీలం తెర వస్తోంది, కొద్దిసేపు బొమ్మ వచ్చినా నలుపు తెలుపులో గిలగిలలాడుతోంది. టేపు పోయినట్టేనా?

డోలు_సన్నాయి

పోలేదు. అది ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ ప్రమాణం) టేపు: 720 బై 480, సెకనుకు 29.97 ఫ్రేములు. మీ పాల్ కెమెరా దాన్ని చదవదు. అమెరికా నుంచి వచ్చిన మినీడీవీ కెమెరా ఎవరింట్లో ఉన్నా చాలు, తిరుపతిలో అట్లాంటి ఇళ్లు తక్కువేం కాదు. ఛార్జరు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, వెనక రాసి ఉన్నది చూసి పెట్టండి. అదే ఫైర్‌వైర్ కార్డు, అదే కేబుల్, అదే విన్‌డీవీ.

దించాక పాల్‌కు మార్చకండి. 30 ఫ్రేములను 25 చేస్తే కెమెరా పక్కకు తిరిగిన ప్రతిచోటా బొమ్మ తడబడుతుంది. ఎన్‌టీఎస్‌సీ డీవీడీగానే రాయండి. మన దగ్గర అమ్మిన ప్లేయర్లలో చాలావరకు రెండూ ఆడిస్తాయి. డబ్బా టీవీలో రంగు రాకపోతే ప్లేయరు సెటప్‌లో టీవీ సిస్టమ్ అనేచోట ఆటో తీసేసి పాల్ పెట్టి చూడండి, ప్లేయరే మార్చి పంపుతుంది. ఒకే డిస్కులో పాల్, ఎన్‌టీఎస్‌సీ కలపొద్దు, దానికి విడి డిస్కు.